నామకార్థం

మా సంఘానికి ఏ పాస్టరు గారు వచ్చినా ఆయన సంచీలో ఒక ప్రసంగం తప్పకుండా ఉంటది. నామకార్థ క్రైస్తవుల మీద ప్రసంగం. పేరుకే క్రైస్తవులు, గుళ్లోకి వస్తారు, తల వంచుతారు, కానుక వేస్తారు, పాట పాడతారు, లోపల మాత్రం విశ్వాసం ఉండదు అని. క్రిస్మస్‌కి కొత్తబట్టల కోసం, పెళ్లికి సర్టిఫికెట్ కోసం, చచ్చాక సమాధుల తోటలో ఆరడుగుల జాగా కోసం వచ్చేవాళ్లు అని. ఆ ప్రసంగం జరిగినంతసేపూ ముందు వరసల్లో వాళ్లు ఒకళ్లిద్దరు వెనక్కి తిరిగి చూస్తారు. వెనక వరసలో గోడ పక్కన నేను కూర్చుని ఉంటాను.

ఆయన చెప్పే మనిషిని నేనే. దాపరికం ఏం లేదు. ప్రార్థనప్పుడు కళ్లు మూసుకుంటాను, కానీ ప్రార్థించను. అందరితో పాటు ఆమెన్ అంటాను, పైన ఎవరో వింటున్నారని అనుకోను. చచ్చినవాళ్లు లేస్తారని నమ్మను. ఈ నమ్మకం పోయి నలభై ఏళ్లయింది. అయినా ఊళ్లో ఉన్న ఏ ఆదివారమూ గుడి మానలేదు.

ఇదేం వింత అని నన్ను చాలామంది అడిగారు. హేతువాద మిత్రులు అడిగారు. పాస్టరు గార్లు అడిగారు. మా తమ్ముడు అడిగాడు. మా వాళ్ల విశ్వాసాన్ని తూకం వెయ్యటం ఈ దేశంలో పాత అలవాటే. మునసబు తూచాడు, కరణం తూచాడు, మిషనరీ దొర తూచాడు, ఆఫీసులో గుమాస్తా తూచాడు, చివరికి కోర్టు కూడా తూచింది. తూచినవాళ్లలో తన విశ్వాసాన్ని ఆ తక్కెట్లో పెట్టి చూపించినవాడు నాకు కనపడలేదు. ఆ సంగతి రాద్దామని కూర్చున్నాను.

మాది ఒంగోలు వైపు ఒక మాదిగపల్లె. మా అమ్మకి చదువు రాదు. బైబిలు మాత్రం చంకలో ఉండాలి. ఎవరన్నా చదివి వినిపిస్తే ఏ మాట ఏ పేజీలో కుడివైపుందో ఎడమవైపుందో గుర్తుపెట్టుకునేది. శనివారం సాయంత్రం పొలం నించి వచ్చి చవుడుమట్టితో బట్టలు ఉతికేది. గంజి పెట్టి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసేది. ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేది. ఇంట్లో బియ్యం లేక జొన్నలు వండిన రోజున పిడికెడు జొన్నలు వేసేది. 'మనకే లేవు గదమ్మా' అంటే 'మనకి లేనప్పుడు వెయ్యకపోతే ఇంకెప్పుడేస్తామయ్యా' అనేది.

మా పల్లెలో గుడి తాటాకు కొట్టం. నెలకోసారి మిషను కాంపౌండులో పెద్ద ఆరాధనకి పోవాలి. దానికి ఊరి మధ్య నించి దారి. తెల్లచీర కట్టుకుని, నలగని చొక్కాలు మాకు తొడిగి, అమ్మ ఆ దారిన నడిచేది. అరుగు మీద కూర్చున్న పెద్ద రైతు పిలిచేవాడు. 'ఏమే, ఇయ్యాల కలుపుకి రావా? మీ ఏసు వచ్చి తీస్తాడా?' అమ్మ ఆగేది. తల ఎత్తేది కాదు గానీ మాట మాత్రం వణికేది కాదు. 'ఇయ్యాల మా దేవుడి రోజు దొరా. రేపొస్తాం.'

ఆ 'రేపొస్తాం' అనే మాట వెనక వందేళ్ల కథ ఉంది. మా పిల్లలకి అది ఎవరూ చెప్పరు. గుళ్లోనూ చెప్పరు, బళ్లోనూ చెప్పరు. అందుకని ఇక్కడ చెబుతాను.

1866లో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు దొర ఒంగోలులో కాపురం పెట్టాడు. ఆయన దగ్గరికి మొదట్లో వచ్చి బాప్తిస్మం తీసుకున్న మాదిగల్లో ముఖ్యుడు తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన మనిషి. అంతకుముందే యోగమార్గంలో గురువుల దగ్గర కూర్చుని దేవుణ్ని వెతికిన మనిషి. దొర వచ్చి ఆయనకి దేవుడు కావాలనే ఆకలి పుట్టించలేదు. ఆకలి ముందునించే ఉంది. అప్పటిదాకా క్లౌ దొర బోధ వింటున్న పై కులాల వాళ్లు, మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అని పక్కకి తప్పుకున్నారు. నేల మీద మొదటి తూకం అది. వాళ్ల విశ్వాసానికి మాదిగోడి పక్కన కూర్చునేంత బలం లేదు. వాళ్లని మాత్రం చరిత్రలో ఎవరూ నామకార్థులు అనలేదు.

చేరిన మాదిగలకి ఆ దొర పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. చూట్టానికి ఈ మూడూ పైపై ఆచారాలే. మనసులో విశ్వాసం ఎంతుందో ఈ మూడింటితో ఎవరూ కొలవలేరు. కానీ మాదిగోడి బతుకు తెలిసినవాళ్లు ఒక్కసారి ఆలోచించండి. ఆదివారం పని చెయ్యను అంటే వెట్టికి వారానికొక రోజు సెలవు పెట్టటం. చచ్చిన గొడ్డు తినను అంటే ఊరు విసిరేసిన కూడు తినను అనటం. విగ్రహానికి మొక్కను అంటే జాతరకి డప్పు కొట్టను అనటం. డప్పు కొట్టకపోతే పోలేరమ్మ కొలుపు సాగదు. కొలుపు సాగకపోతే ఊరి పెద్దరికం నిలవదు. అందుకే కరణాలకీ మునసబులకీ ఒళ్లు మండింది. వాళ్లకి క్రీస్తు దేవుడా కాదా అనే పేచీ లేదు. పనికి ఎవడొస్తాడు, డప్పు ఎవడు కొడతాడు, అదీ వాళ్ల పేచీ. బావి దగ్గరికి రానివ్వలేదు, కూలీ ఆపారు, కొట్టారు, దొంగకేసులు పెట్టారు.

అంటే మా తాతముత్తాతలకి పైకి కనపడే ఆచారమే తిరుగుబాటు. లోపలి విశ్వాసం దేవుడికి, వాళ్లకి మధ్య సంగతి. ఊరితో తగాదా తెచ్చింది మాత్రం ఉతికిన బట్ట, చంకలో పుస్తకం, ఆదివారం ఖాళీ చేతులు.

తరవాత 1876 నించి 78 దాకా ధాతు కరువు. జనం పిట్టల్లా రాలిపోయారు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మా వాళ్లకి పని చూపించాడు. పని చేసే చోటే బోధ కూడా జరిగింది. కానీ కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మం ఇవ్వకుండా ఆపేశాడు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది నీళ్లలో మునిగి లేచారు. ఆ లెక్క ఇవాళ్టికీ మా సంఘాల్లో పండగ రోజుల్లో చెప్పుకుంటారు.

ఇంత జరిగినా మా వాళ్లకి ఆ పేరు తప్పలేదు. కూటి కోసం మారినోళ్లు. నా చిన్నప్పుడు అది పాలపొడికీ గోధుమనూకకీ మారినోళ్లు అయింది. ఇప్పుడు డాలర్లకి మారినోళ్లు అంటున్నారు. నేనొకటి అడుగుతాను. ఆకలితో ఉన్నవాడు అన్నం పెట్టినవాణ్ని నమ్మటంలో అబద్ధం ఏముంది? గింజలు పండించినోడికి గింజ దక్కకుండా చేసిన మతంలో నిజాయితీ ఏముంది?

నా సంగతికి వస్తాను. నాకు విశ్వాసం ఉండేది. సండేస్కూల్లో బంగారు వాక్యాలు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్నాను. పన్నెండో ఏట కాలవలో బాప్తిస్మం తీసుకున్నప్పుడు నీళ్లలోంచి లేస్తుంటే నిజంగానే ఒళ్లు తేలికయినట్టు అనిపించింది. దాన్ని నేను ఇవాళ ఎగతాళి చెయ్యను.

1985 జులై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగుర్ని చంపారు. ఆడపిల్లల్ని చెరిచారు. అప్పుడు నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నాను. పిల్లలం చందాలు పోగుచేసుకుని చీరాల శిబిరానికి పోయాం. చనిపోయినవాళ్లలో బైబిలు పేర్లున్న వాళ్లూ ఉన్నారు. గొడ్డళ్లు, బరిసెలు పట్టుకుని తరిమినవాళ్లు 'నువ్వు హిందువ్వా, కిరస్తానీవా' అని అడగలేదు. కిరస్తానీ అయితే మాదిగ కాకుండా పోతాడని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. శిబిరంలో ఒక ముసలమ్మ నేల మీద కూర్చుని ఊగుతూ స్తోత్రం చెబుతోంది. ఆమెకి అంతా పోయింది, దేవుడు మిగిలాడు. పక్కనే నిలబడిన నాకు ఆ నోటి మాట రాలేదు. ఆ వారంలోనే ఒక గుళ్లో, ఏ ఊరిదో వద్దు, శత్రువుల్ని క్షమించండని ప్రసంగం విన్నాను. ఆ పాస్టరు గారు శత్రువులు ఎవరో ఒక్కసారి కూడా పేరు పెట్టి చెప్పలేదు. సెప్టెంబరు వచ్చేసరికి తెనాలిలో దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు గారి మాట, బొజ్జా తారకం గారి మాట చెవిలో పడ్డాయి. అంబేద్కర్ పుస్తకాలు చేతికొచ్చాయి. నా విశ్వాసం ఏ వాదనలోనూ ఓడి పోలేదు. మెల్లిగా, అలికిడి లేకుండా పోయింది.

అదే ఏడాది అదే సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు చెప్పింది. ఇది మన చదువుకున్న పిల్లలు తప్పకుండా తెలుసుకోవాలి. మద్రాసులో రోడ్డు పక్కన కూర్చుని చెప్పులు కుట్టే సూసై అనే ఆయన కేసు. పుట్టుకకి ఆది ద్రావిడుడు, మతానికి క్రైస్తవుడు. రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే షెడ్యూల్డు కులాల వాళ్లకి ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. పక్కన కూర్చున్న వాళ్లకి బంకు వచ్చింది, సూసైకి రాలేదు. క్రైస్తవుడు గాబట్టి. ఆయన కోర్టుకి పోయాడు. మతం మారాక కూడా కులం వల్ల కలిగే అణిచివేత అంతే తీవ్రంగా ఉందని చూపించే ఆధారాలు చాలవని కోర్టు కొట్టేసింది. ఆయన చేతిలో ఆరె ఉంది, ముందర తోలు ఉంది, కూర్చుంది నడిరోడ్డు మీద. జులైలో కారంచేడు, సెప్టెంబరులో ఈ తీర్పు. ఆధారాలు చాలవట.

ఇదంతా ఒక కాయితం మీద నడుస్తోంది. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు. అందులో మూడో పేరా. హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవాణ్ని షెడ్యూల్డు కులం వాడుగా లెక్కించకూడదని ఉంది. 1956లో సిక్కుల్ని చేర్చారు. 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్నీ ముస్లింలనీ బయటే ఉంచారు. మన రాష్ట్రంలో మతం మారిన మాల మాదిగల్ని బి.సి.-సి అనే గుంపులో పెట్టి ఒక శాతం చేతిలో పెట్టారు. ఆ గుంపులోకి పోతే అట్రాసిటీ చట్టం రక్షణ కూడా పోద్ది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరాని తీసెయ్యమని చెప్పింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది.

కాయితం మీద మేం ఎట్టా మాయమయ్యామో జనాభా లెక్కలు చూడండి. 1971లో ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 4.19 శాతం. 2011లో 1.34 శాతం. ఈ నలభై ఏళ్లలో ఏ పల్లెలో అన్నా గుడి ఖాళీ అయిందా? తాటాకు కొట్టాలు పోయి డాబాలొచ్చాయి. మైకులొచ్చాయి. ఒక గుడి ఉన్నచోట మూడయ్యాయి. గుళ్లు పెరిగాయి, లెక్కల్లో క్రైస్తవులు తగ్గారు.

నన్ను బళ్లో వేసినప్పుడు మేష్టారు మతం ఏందని అడిగితే మా నాయన 'కిరస్తానమండి' అన్నాడు. మేష్టారు మంచివాడే. కలం పైకెత్తి, 'అట్టా రాస్తే వీడికి హాస్టలూ రాదు, స్కాలర్‌షిప్పూ రాదురా, హిందూ అని రాస్తన్నా' అన్నాడు. మా నాయన దణ్ణం పెట్టాడు. మా పల్లెలో ఇంటింటికీ ఇదే కథ. మనిషికి రెండు పేర్లు. మా అమ్మకి సంఘం పుస్తకంలో బైబిలు పేరు, రేషను కార్డులో గ్రామదేవత పేరు. ఏ పేరుతో పిలిచినా పలికేది.

మా తమ్ముడు నాలాంటి వాడు కాదు. నిజమైన విశ్వాసి. తెల్లారి నాలుగింటికి లేచి బైబిలు చదువుతాడు. జీతంలో దశమ భాగం తప్పకుండా తీస్తాడు. వాడికి రిజర్వేషన్‌లో గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. వాడి ఆఫీసు బల్ల మీద అద్దం కింద వెంకటేశ్వరస్వామి పటం ఉంటది. దసరాకి బీరువాలకి బొట్లు పెట్టి కొబ్బరికాయ కొడతాడు. వినాయకచవితి చందా అందరికంటే ముందు రాయిస్తాడు. నేను ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి బతికాను, ఎవరికీ భయపడే పని లేదు. మా ఇంట్లో లెక్క ఇట్టా తేలింది. నేను క్రైస్తవంలో నామకార్థుణ్ని. మా తమ్ముడు హైందవంలో నామకార్థుడు. మా ఇద్దరిలో నమ్మకం ఉన్నవాడు దాచుకుంటాడు, లేనివాడు బాహాటంగా గుళ్లో కూర్చుంటాడు.

2018లో అమ్మ పోయింది. మంచంలో ఉన్నప్పుడు ఆమె అడిగింది ఒక్కటే. 'నా మీద సిలవ పెట్టండయ్యా. నేనెవరి దాన్నో తెలవాల.' ఆ ఏడే తమ్ముడి కూతురు ఇంజనీరింగ్‌లో చేరాలి, కుల ధ్రువీకరణ పత్రం తియ్యాలి. దానికి కొద్ది నెలల ముందు తమ్ముడి ఆఫీసులో ఒకాయన మీద ఆకాశరామన్న అర్జీ పడింది. గుళ్లో ప్రసంగం చేస్తుండగా తీసిన ఫోటో జతచేసి మరీ పంపారు.

సమాధి కట్టించేప్పుడు తమ్ముడు నన్ను పక్కకి పిలిచాడు. 'అన్నా, కార్డులు వేయించొద్దు, ఫోన్లు చేద్దాం. సిలువ కూడా వద్దన్నా.' ఆ మాట అని గోడకి ఆనుకుని ఏడ్చాడు. 'నా పేరే రాయించుకుంటా, నేనే పెట్టిచ్చానని ఉంటది' అన్నాను. వాడు కళ్లు తుడుచుకుని నన్ను చూశాడు. 'నీకేం అన్నా. నీకు నమ్మకమూ లేదు, నమ్మకం వల్ల పోయే ఉద్యోగమూ లేదు.'

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నాస్తికుణ్ని నేను, సిలువ కావాలని పట్టుబడుతున్నాను. విశ్వాసి వాడు, వద్దని కాళ్లు పట్టుకుంటున్నాడు. రాయి చెక్కే మనిషి వచ్చి 'పైన ఏం గుర్తు చెక్కమంటారండి' అని అడిగాడు. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. చివరికి తమ్ముడే 'పేరు, రెండు తేదీలు చెక్కు. పైన జానెడు జాగా వదిలెయ్' అన్నాడు. అట్టాగే వదిలేశారు.

ఆ తరవాత వచ్చిన తీర్పులు చూస్తే తమ్ముడి భయం ఉత్త భయం కాదని తేలిపోయింది. 2024 నవంబరు 26న, రాజ్యాంగ దినం నాడు, పుదుచ్చేరికి చెందిన ఒక ఆవిడ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆమె చిన్నప్పుడు బాప్తిస్మం తీసుకుంది, గుడికి క్రమంగా పోతోంది, హిందువునని చెప్పుకోటం రిజర్వేషన్ కోసమేనని తేల్చింది. నిజమైన విశ్వాసం లేకుండా మతం పేరు వాడుకోటం రాజ్యాంగాన్ని మోసం చెయ్యటమేనంది. 2025లో మన హైకోర్టు ముందుకి గుంటూరు జిల్లా పాస్టరు ఒకాయన కేసు వచ్చింది. కులం పేరుతో తిట్టి కొట్టారని ఆయన ఫిర్యాదు. పదేళ్లుగా పాస్టరుగా ఉన్నవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని కోర్టు ఆ కేసు కొట్టేసింది. తిట్టినవాడికి మాత్రం అతని కులం గుర్తుంది. చట్టం మర్చిపోయింది.

నా మట్టుకు నేను ఆలోచిస్తే నవ్వొస్తది. మూడో పేరా ఏ దేవుణ్నీ నమ్మని నాలాంటివాణ్ని ఏమీ అనదు. వేరే మతం ఉంటేనే దానికి అభ్యంతరం. మా అమ్మ నమ్మింది గాబట్టి ఆమె మాదిగ కాకుండా పోద్ది. నేను నమ్మను గాబట్టి మాదిగగానే ఉంటాను. కానీ గుళ్లో కూర్చున్న నా ఫోటో తీసి ఎవడన్నా పంపితే అప్పుడు నేనూ క్రైస్తవుణ్నే. లోపలి నమ్మకం చూస్తామంటారు, చివరికి చూసేది ఫోటోలే. ఇంత విచారణ ఎవరికి? పూజ చెయ్యని, గుడి మొహం చూడని, దేవుడు లేడని సభల్లో మాట్లాడే పై కులం మేధావిని 'నువ్వు నిజంగా హిందువ్వా' అని ఏ ఆఫీసరన్నా అడిగాడా? అతని ఆస్తి, అతని కులం, అతని పెళ్లి సంబంధం, ఏదన్నా ఆ జవాబు మీద ఆధారపడిందా?

సంఘం లోపలి సంగతి కూడా రాయకపోతే ఈ రాత అబద్ధమవుద్ది. మా పల్లెలో ఒక గుడి, మాలపల్లెలో ఒక గుడి. మధ్యన అర ఫర్లాంగు దూరం. ఏసు ఒకడే, గంటలు రెండు. ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ. మిషన్లు అట్టా పంచుకున్నాయి, మనం అట్టాగే ఉండిపోయాం. కథోలిక్కుల్లో రెడ్లున్నారు, కమ్మలున్నారు. ఒకే పళ్లెంలో రొట్టె తీసుకుంటారు, మన ఇంట్లో మంచినీళ్లు తాగరు. క్రైస్తవ పెళ్లి ప్రకటనలు చూడండి. రక్షణ పొందిన అమ్మాయి కావాలి, ఆత్మీయురాలు కావాలి, ఫలానా కులమే కావాలి. ఈ దేశంలో ఒక దళితుడు, మన పూల ఆంథోనీ గారు, కార్డినల్ కావటానికి 2022 దాకా పట్టింది. జాషువా గారిని చూడండి. 'గబ్బిలం' రాసిన మహాకవిని కులం పేరుతో ఊరు అవమానించింది. హిందూ పురాణాలు చదివి పద్యాలు అల్లుతున్నాడని సంఘ పెద్దలూ కోప్పడి దూరం పెట్టారు. నువ్వు మావాడివేనని రుజువు చూపించమని రెండు వైపులా అడిగారు.

నామకార్థ క్రైస్తవం అనే మాటకి నిజమైన అర్థం ఇక్కడుంది. పొరుగువాణ్ని ప్రేమించమని ఆదివారం చదివి, సోమవారం పొరుగువాడి కులం అడిగేవాడు నామకార్థుడు. శిబిరంలో మన శవాల గురించి ఒక్క మాట అనకుండా క్షమాపణ బోధించినవాడు నామకార్థుడు. స్కాలర్‌షిప్పు కోసం బడి పుస్తకంలో హిందూ అని రాయించుకున్న కూలివాడు కాడు. భయంతో పటం పెట్టుకున్న నా తమ్ముడు కాడు.

ఇంక నేను గుళ్లోకి ఎందుకు పోతున్నట్టు? నమ్మకం లేనివాడికి అక్కడేం పని? చెబుతాను. మా పల్లెలో ఆడామగా, ముసలీముతకా, ఉతికిన బట్టలు కట్టుకుని వరసగా కూర్చునే చోటు అదొక్కటే. ఎవరింట్లో జబ్బుందో, ఎవరి పిల్లకి ఫీజు కట్టాలో, ఎవరి కూలి ఎగ్గొట్టారో ప్రార్థన మనవుల్లో బయటికొస్తది. కలెక్టరాఫీసు ముందు ధర్నాకి నేను మనుషుల్ని పోగు చేసింది ఎక్కువసార్లు ఆరాధన అయ్యాక, ఆ గుడి మెట్ల మీదే. మా తాతలు దెబ్బలు తిని సంపాదించిన ఆదివారం అది. దాన్ని దేవుడి పేరు మీద సంపాదించారు. దేవుడు లేడని నాకు అనిపించినంత మాత్రాన ఆ ఆదివారం ఊరికి తిరిగి ఇచ్చెయ్యాలా? నేను ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఊరి మధ్య దారినే నడుస్తాను. చుట్టూ వేరే రోడ్డు పడింది, అయినా ఆ దారినే పోతాను.

చదువుకుంటున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. మీ సర్టిఫికెట్‌లో ఒక మాట, మీ అమ్మ నోట్లో ఒక మాట ఉంటే సిగ్గుపడొద్దు. ఆ రెండు మాటలూ మనం పెట్టుకున్నవి కావు. సిగ్గు పడాల్సింది మూడో పేరా రాసినవాళ్లు, దాన్ని కాపాడుతున్నవాళ్లు. రిజర్వేషన్ కులం వల్ల జరిగిన అన్యాయానికి ఇచ్చింది. దాన్ని మతంతో ముడిపెట్టింది ప్రభుత్వం. ఆ ముడి విప్పమని అడగండి. మాలలు, మాదిగలు, క్రైస్తవులు, బౌద్ధులు, ముస్లింలయిన మనవాళ్లు, ఏ దేవుడూ అక్కర్లేని నాలాంటివాళ్లు, అందరూ కలిసి అడగండి.

ముందు ఆ పేరా తియ్యండి. నమ్మినందుకు ఉద్యోగం పోదని, గుళ్లో ఫోటో దిగినందుకు పిల్ల సీటు పోదని చెప్పండి. ఆ తరవాత మా విశ్వాసం నిజమా అబద్ధమా అని అడగండి, జవాబు చెబుతాం. అప్పుడు కొంతమంది గుడి మానెయ్యొచ్చు. నేనూ మానెయ్యొచ్చు, ఏమో. మా తమ్ముడు మాత్రం రాయి చెక్కే మనిషికి కబురు పెడతాడు. జానెడు జాగా ఇంకా ఖాళీగానే ఉంది.